చుట్టకు నిప్పు

నాటకశాలలో చేరిన మొదటి నెలలోనే అతనికి పెట్టెల బాబాయి అన్న పేరు స్థిరపడిపోయింది. స్టేజీ కింద ఉన్న పొడుగాటి గదిలో, నాటకాల్లో వాడే వస్తువులన్నీ పెట్టెల్లో సర్ది, ఏ పెట్టెలో ఏముందో పెద్ద అక్షరాలతో రాసి పెట్టడం అతని ఉద్యోగం. ప్లాస్టరు ద్రాక్షగుత్తులు, తీగల్లేని టెలిఫోన్లు, పదును లేని కత్తులు పదకొండు, లోపల ఏమీ రాయని ఉత్తరాలు ఒక కట్ట. ఎవరికేం కావాలన్నా "బాబాయిని అడుగు" అనేవాళ్ళు. అడిగింది చేతికందగానే మెట్లెక్కి వెళ్ళిపోయేవాళ్ళు.

అంతకు ముందు ఇరవయ్యారేళ్ళు ఒక పెద్ద హోటల్లో, పొగ తాగే అతిథుల కోసం విడిగా కట్టిన గదిలో పనిచేశాడు. పెద్దమనుషులు తోలు కుర్చీల్లో కూర్చోగానే పళ్ళెంలో సిగార్లు పట్టుకెళ్ళి చూపించడం, వాళ్ళు ఎంచుకున్నదాన్ని కత్తిరించి వెలిగించి ఇవ్వడం అతని పని. మంచి సిగార్ కాలడానికి గంట పడుతుంది. గంటసేపు ఎదురుగా మనిషి నిలబడి ఉంటే ఎంతటివాడైనా ఏదో ఒకటి మాట్లాడక మానడు. కొడుకుతో పడని సంగతి, మోకాలి నొప్పి, అమ్మేసిన ఇల్లు. అన్నీ విని అతను "అవునండి", "అంతేకదండి" అనేవాడు. తన సంగతి ఎవరూ అడిగేవారు కాదు. అయినా చెవిలో ఒక మనిషి గొంతు పడుతూ ఉండేది. హోటల్ చేతులు మారాక ఆ గది తీసేసి వ్యాయామశాల చేశారు. అప్పటికి అతనికి యాభై ఏడు.

పెళ్ళి కాలేదు. కాకపోవడానికి పెద్ద కథేమీ లేదు. ముందు చెల్లెలి పెళ్ళి కానీ అన్నారు. తర్వాత నాన్న జబ్బు తగ్గనీ అన్నారు. ఆ తర్వాత ఏదైనా అనడానికి ఎవరూ మిగల్లేదు. మూడో అంతస్తులో ఒక్క గది, ఒక కిటికీ, ఒక మంచం. సెలవు రోజుల్లో కింద కొట్లో రొట్టెలమ్మే ఆవిడతో "రెండివ్వండి" అనడానికి గొంతు సవరించుకోవలసి వచ్చేది.

అతను నాటకశాలలో చేరిన ఆరో ఏడు ఒక కొత్త నాటకం తీసుకున్నారు. అందులో ఫ్యాక్టరీ యజమాని చనిపోతాడు. మూడో అంకంలో అతని భార్య మొదటిసారి అతని కుర్చీలో కూర్చుని, అతని పెట్టెలోంచి ఒక సిగార్ తీసి, కత్తిరించి, వెలిగిస్తుంది. నాలుగు నిమిషాల పాటు ఒక్క మాట ఉండదు. ఆ నాలుగు నిమిషాల్లో, ఫ్యాక్టరీ ఇక తనే నడపాలని ఆవిడ నిశ్చయించుకున్నట్టు చూసేవాళ్ళకి తెలియాలి.

ఆ వేషం పెద్దమ్మకి ఇచ్చారు. ముప్పై ఎనిమిదో ఏట ఎవరో రాకపోతే తల్లి వేషం వేసిందావిడ. ఆనాటి నుంచి ఇరవై ఏళ్ళుగా తల్లి వేషాలే. పెద్దమ్మ అన్న పిలుపు స్టేజీ దిగాక కూడా వెంట వచ్చేసింది.

డైరెక్టరు బాబాయిని పిలిచి చెప్పాడు. "మీరు హోటల్లో చేసింది ఇదే కదా బాబాయ్. ఆవిడకి నేర్పండి. ముప్పై ఏళ్ళు మొగుడు చేస్తుంటే చూసి చూసి ఆవిడ చేతికి వచ్చేసింది అనిపించాలి. నేర్చుకున్నట్టు కనపడకూడదు."

రిహార్సల్ అయిదున్నరకి. కాబట్టి పాఠం నాలుగింటికి పెట్టుకున్నారు.

మొదటి రోజు బాబాయి కుర్చీని రెండుసార్లు తుడిచాడు. ఆవిడ మెట్లు దిగి వచ్చి, గది నలువైపులా చూసి, కూర్చుంది.

"రండమ్మా," అన్నాడతను, ఆవిడ కూర్చున్నాక.

"మీరు కూడా అమ్మ అనకండి. ఊరంతా అనేది అదే. నేను మిమ్మల్ని బాబాయ్ అననులెండి. నాకంటే అయిదారేళ్ళు పెద్దవాళ్ళని బాబాయ్ అంటే వయసు దాచుకుంటోంది అంటారు. అన్నయ్యా అంటాను, సరేనా?"

అతను తల ఊపాడు. పెట్టె మూత తీశాడు.

"ఇంతకీ ఇది చుట్టే కదా?" అందావిడ.

"చుట్టేనమ్మా. కోటు తొడుక్కున్న చుట్ట."

ఆవిడ నవ్వింది. ఆ గదిలో ఎవరైనా నవ్వి ఎన్నాళ్ళయిందో అతనికి గుర్తు రాలేదు.

డైరెక్టరు ఇచ్చిన పెట్టెలో అసలు సిగార్లు పన్నెండే ఉన్నాయి. కత్తిరించడం నేర్పడానికి వాటిని పాడుచేయడం ఇష్టం లేక, ముందురోజే అతను గోధుమరంగు కాగితంలో ఎండుటాకులు చుట్టి, కొసకి జిగురుతో చిన్న టోపీ అంటించి, నలభై నకిలీ సిగార్లు తయారు చేశాడు.

"ఇటు చూడండి. నోట్లో పెట్టుకునే కొసకి ఆకుతోనే చిన్న టోపీ ఉంటుంది. ఆ టోపీ అంచు సన్నగా గీతలా కనిపిస్తోందా? దాని కిందకి కత్తి దిగకూడదు. దిగిందా, పైన చుట్టిన ఆకంతా విడిపోతుంది. కాలుతుండగానే ఊడి వస్తుంది. గోటి మందం తీయాలి, అంతే."

కట్టర్ అంటే ఎదురెదురుగా రెండు చిన్న కత్తులున్న ఉంగరం లాంటిది. వేళ్ళు దూర్చి నొక్కితే రెండూ కలుస్తాయి. ఆవిడ భయపడుతూ మెల్లిగా నొక్కింది. కొస నలిగి, టోపీ పిప్పిపిప్పి అయింది.

"మెల్లిగా నొక్కితే నలుగుతుంది. చూసుకోవడం ఎంతసేపైనా చూసుకోండి. కోయడం మాత్రం ఒక్క వేటు."

"మా అక్క మాటల్లాగ," అందావిడ.

ఆవిడకి అక్క ఉందని అలా తెలిసింది. అంతకుమించి అతను అడగలేదు. అడగడం అలవాటు లేదు.

వారం తిరిగేసరికి కోయడం చేతికి వచ్చింది. వెలిగించడం కోసం నాటకశాల వెనక పెరట్లోకి వెళ్ళేవాళ్ళు. సెట్లకి రంగులు వేసే చోటు అది. గోడ పక్కన రెండు కుర్చీలు వేసుకుని గాలికి వీపు పెట్టి కూర్చునేవాళ్ళు.

"పెట్రోలు లైటరు వద్దు, ఆ కంపు ఆకుకి పడుతుంది. పొడుగు అగ్గిపుల్ల తీసుకోండి. గీసీ గీయగానే పెట్టేయకండి. మందు కాలిపోయి, కర్ర అంటుకున్నాక అది మంచి మంట. ఇప్పుడు సిగార్ చేతిలోనే ఉంచి, కొసని మంట మీద పట్టండి. మంట తగలకూడదు, సెగ తగలాలి. తిప్పండి. ఇంకా తిప్పండి. అంచు చుట్టూ బూడిదరంగు వస్తోంది చూశారా? ఇప్పుడు నోట్లో పెట్టుకుని, తిప్పుతూ మెల్లిగా లాగండి. పొగ గొంతు దిగనివ్వద్దు."

ఆవిడ గొంతు దిగనిచ్చింది. దగ్గి దగ్గి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అతను నీళ్ళ గ్లాసు అందించి, చూపు గోడ మీదకి తిప్పుకున్నాడు.

"దీనికి ఇంత తతంగమా అన్నయ్యా? ఆలస్యం అమృతం విషం అన్నారు."

"నిదానమే ప్రధానం అని కూడా మనవాళ్ళే అన్నారమ్మా. తొందరపడితే ఒక పక్క కాలి ఒక పక్క మిగిలిపోతుంది. నా పై ఉద్యోగి అనేవాడు, సిగార్ వంకరగా కాలిందంటే తప్పు సిగార్‌ది కాదు, వెలిగించినవాడి మనసు ఇంకెక్కడో ఉందీ అని."

"మీ మనసు ఎక్కడికీ పోయేది కాదా?"

అతను ఆలోచించాడు. ఆ ప్రశ్న అతన్ని ఎవరూ అడగలేదు. "పోవడానికి చోటుండాలి కదమ్మా," అన్నాడు.

ఆవిడ అతని వైపు చూసింది. కాసేపయ్యాక, బూడిద ఎందుకు దులపకూడదని అడిగింది. దానంతటదే రాలేదాకా ఉంచితే పొగ చల్లగా, నిప్పు నిలకడగా ఉంటుందని చెప్పాడు. ఆర్పడానికి నలపకూడదనీ, గిన్నెలో వదిలేస్తే దానంతటదే ఆరిపోతుందనీ కూడా చెప్పాడు.

మూడు వారాలు అలా గడిచాయి. అతను పొద్దున్న లేవగానే ఆరోజు ఏం చెప్పాలో ఆలోచించుకునేవాడు. మూడున్నరకే కుర్చీలు పెరట్లో వేసేవాడు. ఒక రోజు ఆవిడ వంకాయరంగు స్వెటర్ వేసుకొచ్చిందని ఇంటికెళ్ళాక కూడా గుర్తుంది. అది తల్చుకుని తనమీద తనకే నవ్వొచ్చింది. అందులో వేరే ఉద్దేశమేమీ లేదు. ఒక మనిషి రోజూ ఒక వేళకి తనకోసం మెట్లు దిగి వస్తోంది. అంతే. ఆ అంతేలోనే అతనికి అన్నీ ఉన్నాయి.

నాలుగో వారం మంగళవారం పొద్దున్న డైరెక్టరు గదిలోకి తొంగి చూశాడు.

"బాబాయ్, అగ్నిమాపక ఆఫీసరు వచ్చి వెళ్ళాడు. ఈ పాత తెరలతో స్టేజీ మీద అగ్గిపుల్ల కూడా గీయడానికి వీల్లేదన్నాడు. సిగార్ తీసేశాం. ఆవిడ కుర్చీలో కూర్చుని కిటికీవైపు చూస్తుంది, అంతే. సాయంత్రం ఎలాగూ మీ దగ్గరికే వస్తారుగా, మీరే చెప్పేయండి."

"అలాగే," అన్నాడు బాబాయి.

వస్తువుల జాబితా తీసి, సిగార్లు, కట్టర్, బూడిద గిన్నె అన్న మూడు పంక్తుల మీద పెన్సిలుతో గీత పెట్టాడు. నాలుగింటికి చెప్పేద్దామనే అనుకున్నాడు. మాటలు కూడా కూర్చుకున్నాడు. "ఇంత కష్టపడ్డారు, పోనీలెండమ్మా" అని మొదలుపెడదామనుకున్నాడు.

నాలుగింటికి ఆవిడ వచ్చి, సంచిలోంచి చిన్న డబ్బా తీసింది. సొంతంగా కట్టర్ కొనుక్కుని వచ్చింది.

"మీది నా వేళ్ళకి వదులు అన్నయ్యా. ఇది చూడండి, బాగుందా?"

అతను అందుకుని, వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూశాడు. రెండు కత్తుల మధ్య సందు లేదు. "మంచిదమ్మా," అన్నాడు. ఆ తర్వాత అనవలసింది నోట్లోనే ఉండిపోయింది.

రేపు చెబుదామనుకున్నాడు. మర్నాడు వాన వచ్చి పెరట్లోకి వెళ్ళలేక గదిలోనే కూర్చున్నారు. ఆవిడ తను మొదటిసారి స్టేజీ ఎక్కిన సంగతి చెప్పింది. ఆ మర్నాడు చెప్పడం ఇంకా కష్టమైంది, ఎందుకంటే అప్పుడు నిన్నా మొన్నా ఎందుకు చెప్పలేదో కూడా చెప్పాలి. అబద్ధం ఆడలేదు కదా అని తనకి తను చెప్పుకున్నాడు. నోరు మెదపకపోవడం అబద్ధం ఎలా అవుతుంది?

రిహార్సల్లో కూడా ఆవిడకి తెలిసే దారి లేకపోయింది. మాటల్లేని ఆ నాలుగు నిమిషాలూ ఆవిడ ఒక్కతే చేసుకునేది కాబట్టి, డైరెక్టరు ప్రతిసారీ "అది ఆఖర్న చూద్దాం" అని దాటేసి తర్వాతి సీనుకి పోయేవాడు.

నేర్పడానికి ఏమీ మిగల్లేదు. అయినా అతను నేర్పాడు. అగ్గిపుల్ల బదులు దేవదారు చెక్క పేడుతో వెలిగించడం చూపించాడు. సిగార్‌ని చెవి దగ్గర పెట్టుకుని మెల్లిగా నొక్కి, తడి ఉందో ఆరిపోయిందో చప్పుడుని బట్టి చెప్పడం చూపించాడు. ఒక గురువారం ఆవిడ కోత ఏ వంకా లేకుండా కుదిరింది. హోటల్లో ఇరవయ్యారేళ్ళలో అతను కూడా అంతకంటే బాగా కోసి ఉండడు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "కాస్త లోతుకి పోయిందమ్మా, మళ్ళీ చేద్దాం" అన్నాడు. ఆవిడ మారు మాట్లాడకుండా ఇంకోటి తీసుకుంది. అయిదూ పదయ్యేదాకా కూర్చోబెట్టాడు.

లైట్ల మనిషి ఒకసారి పెరట్లోంచి పోతూ ఆగాడు. "పాఠాలు ఇంకా అవలేదా బాబాయ్?"

"మొద్దు శిష్యురాలు దొరికింది లెండి," అంది పెద్దమ్మ.

బాబాయి అగ్గిపుల్లలు లెక్కపెడుతున్నట్టు తల దించుకున్నాడు. లైట్ల మనిషి నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

అలా పద్దెనిమిది రోజులు.

ప్రదర్శనకి అయిదు రోజుల ముందు, శనివారం మధ్యాహ్నం, మొదటిసారి నాటకమంతా వేషాలతో ఆపకుండా వేశారు. మూడో అంకం వచ్చింది. పెద్దమ్మ నల్లకోటులో కుర్చీ దగ్గరికి నడిచి, కూర్చుని, కోటు జేబులోంచి ఒక సిగార్ తీసింది. బల్లమీద ఉండవలసిన పెట్టె లేకపోతే బాబాయి మరిచిపోయాడనుకుని, నిన్న పాఠంలో మిగిలినదాన్ని తనే పట్టుకొచ్చిందట. సొంత కట్టర్ తీసి, కొసని ఒక్క క్షణం చూసి, ఒక్క వేటులో కోసింది. ఖాళీ హాల్లో ఆ చప్పుడు చివరి వరసదాకా వినపడింది.

"అదేంటమ్మా?" హాల్లోంచి డైరెక్టరు గొంతు. "ఆ సిగార్ తీసేశాం కదా. బాబాయి చెప్పలేదా?"

ఆవిడ చెయ్యి అక్కడే ఆగింది. అందరూ స్టేజీ పక్కన నిలబడ్డ బాబాయివైపు తిరిగారు.

"చెప్పమని రెండు వారాల కిందటే అన్నాను కదా బాబాయ్. మరిచిపోయారా?"

అవునంటే సరిపోయేది. అరవై మూడేళ్ళ మనిషి మరిచిపోయాడంటే ఎవరూ ఏమనరు.

"లేదు. గుర్తుంది," అన్నాడతను. "చెప్పలేదు."

ఎవరో ఇబ్బందిగా నవ్వి ఆపేశారు. పెద్దమ్మ సిగార్‌ని బల్ల మీద పెట్టింది. "ఇప్పుడేం చేయాలి?" అని డైరెక్టరుని అడిగింది. కిటికీవైపు చూడమని చెప్పాడు. చూసింది. ఆ సీను చాలా బాగా వచ్చిందని తర్వాత అందరూ అన్నారు.

నాటకం అయ్యాక ఆవిడ గదిలోకి దిగి వచ్చింది. కూర్చోలేదు.

"ఎందుకు చెప్పలేదు?"

అతను పెట్టె మూతమీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు. "చెబితే మీరు రారు కదా," అన్నాడు.

ఆవిడ కాసేపు అతని మొహంలోకి చూసింది. కోపమైతే అతను భరించేవాడే. ఆవిడ అలిసిపోయినట్టు కనిపించింది.

"మా అక్కకి పక్షవాతం వచ్చి తొమ్మిది నెలలైంది. కుడి పక్క మొత్తం పోయింది. మంచం మీదే. రిహార్సల్‌కి వచ్చినప్పుడు పక్కింటావిడ కూర్చుంటుంది, కానీ ఆవిడ ఉద్యోగం నుంచి వచ్చేది అయిదింటికి. నాలుగు నుంచి అయిదు దాకా ఎవరూ లేరు. మంచం పక్కన నీళ్ళ సీసా పెట్టి, బయట గొళ్ళెం పెట్టుకుని వచ్చేదాన్ని. వేషం కోసం కదా, తప్పదు కదా అనుకున్నాను."

అతను పెట్టె మూత మీది చెయ్యి తీసేశాడు.

"ఒక రోజు సీసా జారిపోయిందిట. అందుకోబోయి కింద పడింది. పక్కింటావిడ వచ్చేదాకా నలభై నిమిషాలు నేలమీదే ఉంది."

"ఎప్పుడు?" అన్నాడతను.

"మొన్న గురువారం కాదు, ఆ ముందు గురువారం."

లోతుకి పోయిందని అతను మళ్ళీ చేయించిన రోజు అదే. ఆ సంగతి ఆవిడకి గుర్తుందో లేదో తెలియలేదు. అతనే చెప్పాడు. "ఆ రోజు మీరు కోసింది బాగానే ఉందమ్మా. ఏ తప్పూ లేదు. ఇంకాసేపు ఉంటారని అలా అన్నాను."

ఆవిడ మెట్లవైపు తిరిగి, ఆగింది.

"ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. ఇన్నాళ్ళూ నవ్వుకోడానికి చెప్పుకునేదాన్ని ఆ సామెత," అని మెట్లెక్కి వెళ్ళిపోయింది.

నాటకం పదకొండు రోజులు ఆడింది. ప్రతిరోజూ ఆవిడకి చేతిసంచీ, కళ్ళజోడు, ఒక ఉత్తరం అతనే అందించాలి. చెయ్యి చాపేది, తీసుకునేది, వెళ్ళేది. "థాంక్స్" కూడా అనేది, అందరితో అన్నట్టే. అది అనకపోయినా బాగుండుననిపించేది అతనికి. నాలుగింటికి పెరట్లోకి వెళ్ళేవాడు కాదు. గదిలో కూర్చుని పెట్టెల మీద అక్షరాలు మసకబారినచోట మళ్ళీ దిద్దేవాడు. పన్నెండింటిలో ఖర్చు కాగా మిగిలిన సిగార్లు రెండింటినీ ఆఫీసులో అప్పగించేశాడు.

ఆఖరి ప్రదర్శన అయిన మర్నాడు సెలవు. ఆఫీసులో ఆవిడ చిరునామా అడిగి తీసుకుని, మధ్యాహ్నం బయల్దేరాడు. దారిలో అరడజను కమలాపళ్ళు కొన్నాడు. పళ్ళు పట్టుకెళ్ళడం మరీ పలకరింపుకి వెళ్ళినట్టుంటుందేమోనని వీధి చివర ఆగి ఆలోచించాడు. పారేయడం ఇంకా అన్యాయంగా తోచి పట్టుకునే వెళ్ళాడు.

రెండో అంతస్తు. పెద్దమ్మే తలుపు తీసింది. లోపలికి రమ్మనలేదు, వెళ్ళమనీ అనలేదు.

"ఎవరే?" అని లోపల్నించి గొంతు. మాట సగం నోటితో వస్తున్నట్టు ముద్దగా ఉంది గాని, గట్టిగానే ఉంది.

"నాటకశాలలో పెట్టెల బాబాయి."

"ఆ చుట్టల మనిషా? రానీ, చూద్దాం."

ముందుగదిలోనే మంచం. తెల్లటి జుట్టు బిగించి జడ వేసి ఉంది. కుడిచెయ్యి దుప్పటి మీద ఎవరో మరిచిపోయి వదిలేసిన వస్తువులా పడి ఉంది. కళ్ళు మాత్రం అతన్ని తలనుంచి చెప్పులదాకా కొలిచాయి.

"నీకంటే పెద్దదాన్నే అయ్యుంటాను. నువ్వు అంటాను," అంది అక్క.

"అనండి. నేను క్షమాపణ అడగడానికి వచ్చానండి. మీరు పడిపోయింది నా మూలంగా."

"నీ మూలంగా ఎందుకు? సీసా మూలంగా. కింద పడ్డాను కాబట్టి మంచం కింద ఎంత దుమ్ముందో తెలిసింది. అరగంటసేపు దాన్ని చూస్తూ పడుకున్నాను. ఇది వచ్చాక ముందు ఆ దుమ్ము గురించే తిట్టాను."

అతనికి నవ్వాలో వద్దో తెలియలేదు. పెద్దమ్మ మొహంలో ఏ మార్పూ లేదు.

"అదలా అంటుంది," అంది పెద్దమ్మ. "పక్కింటావిడ వచ్చేసరికి ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయి ఉన్నాయిట."

అక్క కళ్ళు గోడవైపు తిప్పుకుంది. అతను పళ్ళ సంచి ఎక్కడ పెట్టాలో తెలియక రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు.

"నేను..." అని మొదలుపెట్టాడు.

"క్షమాపణలు నాకొద్దు," అంది పెద్దమ్మ. "అవి పెట్టుకుని నేనేం చేసుకోను? వచ్చే నెలనుంచి వేరే కంపెనీలో నాటకం ఉంది. రిహార్సల్ నాలుగింటికే. మిగతా వేళకి మనిషి దొరికింది. నాలుగు నుంచి అయిదు దాకా దొరకలేదు. ఆ గంట ఇక్కడ కూర్చునే మనిషి కావాలి నాకు. సాయంత్రం మీకు అయిదున్నరకి కదా పని?"

"అయిదున్నరకేనమ్మా. కానీ రోగులకి చేయడం నాకు తెలీదు."

"చేయక్కర్లేదు. సీసా పడితే తీసివ్వాలి."

"నాకు నాటకాలంటే తెలీదు," అంది అక్క గోడవైపు చూస్తూనే. "ఇద్దరికీ ఏమీ తెలీదు కాబట్టి ఊరికే కూర్చుందాం."

మరుసటి నెల మొదటి రోజునుంచి అతను వెళ్ళడం మొదలుపెట్టాడు. మూడూ ముప్పావుకి మెట్ల దగ్గర ఉండేవాడు. పెద్దమ్మ కోటు వేసుకుని సిద్ధంగా ఉండేది. "నీళ్ళు పోశాను. మందు అయిదింటికి పక్కింటావిడ ఇస్తుంది," అని చెప్పి దిగిపోయేది. అన్నయ్యా అనేది కాదు. ఏ పిలుపూ లేకుండా మాట్లాడేది. తెలుగులో అలా మాట్లాడటం ఎంత కష్టమో ఆవిడ వాక్యాలు వింటే తెలిసేది. అయినా ఎలాగో నెట్టుకొచ్చేది.

అక్క ఎక్కువగా నిద్రపోయేది. మెలకువగా ఉంటే వంద పనులు చెప్పేది. కిటికీ తెరవమనేది, తెరిచాక వేయమనేది. పేపరు చదవమనేది, చదువుతుంటే మెల్లిగా చదవమనేది. అతను కమలాపండు వలిచి, తొన మీది పీచు కూడా తీసి, ఒక్కొక్కటే ఆవిడ ఎడమచేతిలో పెట్టేవాడు. అయిదింటికి పక్కింటావిడ తలుపు తట్టగానే లేచి, చెప్పులు వేసుకుని, నాటకశాలకి నడిచిపోయేవాడు. దారిలో అప్పుడప్పుడు అనిపించేది, ఇవాళ ఆవిడ పండు మొత్తం తిన్నదని ఎవరికైనా చెబితే బాగుండునని. చెప్పడానికి దారిలో ఎవరూ ఉండేవారు కాదు.

మూడో వారంలో బల్లమీద ఒక నోటుబుక్కు కనిపించింది. మొదటి పేజీలో పెద్దమ్మ చేతిరాత. "గంటలో ఏం జరిగిందో రోజూ రాసి పెట్టండి."

అతను రాశాడు. "నాలుగుంపావుకి నీళ్ళు తాగారు. కిటికీ తెరిపించారు. మూయించారు. పండు సగం తిన్నారు."

మర్నాడు చూస్తే దాని పక్కన చదివినట్టుగా ఒక టిక్కు. అంతే. ఆ రోజు కూడా రాశాడు. మర్నాడు ఇంకో టిక్కు. నెల తిరిగింది. చలి మొదలై, కిటికీ తెరిపించడం ఆగిపోయింది. పేజీకి నాలుగు రోజుల చొప్పున టిక్కులు కిందకి దిగుతూ పోయాయి. చదువుతోంది కదా అనుకునేవాడు. ఎవరో ఒకరు చదివేది తన చేత్తో రాయడం అతనికి కొత్త.

ఒక బుధవారం ఇలా రాశాడు. "ఇవాళ నిద్రపోలేదు. పేపరు పూర్తిగా చదివించుకున్నారు. నన్ను రెండుసార్లు తిట్టారు."

గురువారం వెళ్ళేసరికి పెద్దమ్మ ఎప్పటిలాగే నీళ్ళ సంగతి, మందు సంగతి చెప్పి మెట్లు దిగిపోయింది. అక్క నిద్రలో ఉంది. అతను నోటుబుక్కు తెరిచాడు. టిక్కు ఉంది. టిక్కు కింద చిన్న అక్షరాలతో ఒక మాట ఉంది.

"ఏమని?"

అతను దాన్ని చదివి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు. కుర్చీని చప్పుడు కాకుండా బల్ల దగ్గరికి జరుపుకుని, పెన్సిలు చెక్కి, రాయడం మొదలుపెట్టాడు. మొదటి తిట్టు పేపరు గురించి. మొదటి పేజీ వదిలేసి, చచ్చిపోయినవాళ్ళ పేజీనుంచి మొదలుపెట్టాడట. "వార్తలంటే నీకు పోయినవాళ్ళేనా, ఉన్నవాళ్ళెవరూ ఏమీ చేయడం లేదా ఈ ఊళ్ళో" అన్నారు. రెండోది పండు గురించి. తొన మీద పీచు అంత జాగ్రత్తగా తీస్తుంటే చూసి, "నేను తినేలోపు దానికి పెళ్ళీడు వచ్చేలా ఉంది" అన్నారు. అలా అన్నాక ఆవిడే నవ్వారనీ, నవ్వితే ఎడమవైపు పెదవి ఒక్కటే లేచిందనీ, కుడివైపు కూడా కొద్దిగా కదిలినట్టు తనకి అనిపించిందనీ, అయితే అది ఖచ్చితంగా చెప్పలేననీ రాశాడు. రేపు ఇంకోసారి నవ్వించి చూసి చెబుతానని కూడా రాశాడు.

పేజీ నిండిపోయి రెండో పేజీలోకి వచ్చింది. రాయడం అయ్యేసరికి అయిదయింది. పక్కింటావిడ తలుపు తట్టింది.